సాంబారులోని మునగ గింజలు

ఆఫీసు క్యాంటీన్ సాంబారులో మునక్కాడ నమిలినప్పుడల్లా అమీర్‌పేటలో మేము అద్దెకున్న పాత ఇల్లు గుర్తొస్తుంది. ఆ ఇంట్లో అమ్మ సాఫ్ట్‌వేర్ కోర్సుల పిల్లలకు మెస్ నడిపేది. మాకు వేరే ఆధారం లేదు.

ఒకరోజు ఓనరు తాత వచ్చి, ఇల్లు పడగొట్టి హాస్టల్ కడతానన్నాడు. అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. వెళ్తూ ఖాళీ పెరడు చూసి, "కాసే చెట్టును కొట్టద్దంటరు. గసొంటిదుంటే నేను సుత ఆగేటోణ్ణి. ఈడ ఏమున్నదమ్మా" అన్నాడు.

"అమ్మా, ఏ చెట్టు తొందరగా కాస్తుంది?" అని అడిగాను.

"మామిడికి ఏళ్ళు పడుతుంది. సీతాఫలమూ అంతే. మునగైతే ఏడాది లోపే కాస్తుంది. ఎందుకే?"

ఆ పూట కంచంలోని మునక్కాడ ముక్కల్లోంచి గింజలు ఏరి గోడ వెంట పాతాను.

ఒక్కటీ మొలవలేదు. రోజూ మట్టి తవ్వి చూసి, మళ్ళీ కప్పి ఏడ్చేదాన్ని. అమ్మ అంట్లు తోమడం ఆపి, ట్యాంకర్ నీళ్ళు ఒక చెంబెడు ముంచి నా చేతికిచ్చేది.

"పొయ్యి అమ్మలూ, రేపు చూద్దాం."

సామాను ఆటోకెక్కించిన రోజు కూడా పోశాం.

ఉడికిన గింజ మొలవదని వండిన మనిషికి తెలియకనా? తాగడానికే నీళ్ళు సరిపోని ఆ ఎండాకాలంలో, చెంబు ఒక్కరోజూ వెలితిగా ఇవ్వలేదు.