ఫోటోలో పడని మనిషి

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. "పిన్నీ, మెల్లగా" అంటోంది మధ్యమధ్యలో. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. ఇరవై ఏళ్ళు పీతల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ వెంట అరిచిన గొంతు నాది. బొంగురుపోయింది, ఇక బాగుపడలేదు.

మా ఇల్లు కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గర, మడ అడవి అంచున. మా ఆయన పడవ మనిషి. చేపలు తగ్గిపోయిన రోజుల్లో విజయవాడ నుంచి గైడుగారొకరు పిట్టల ఫోటోలు తీసేవాళ్ళను తీసుకురావడం మొదలుపెట్టారు. తెల్లవారేసరికి అందరూ రేవులో ఉండేవాళ్ళు. మా ఆయన గెడకర్ర బురదలో పొడిచి, పడవను అడవి పాయల్లోకి తోసేవాడు. పిట్టలకు వాళ్ళు ఇంగ్లీషు పేర్లు ఏవో చెప్పుకునేవాళ్ళు. ఏ పిట్ట ఏ కొమ్మ మీద వాలుతుందో మాత్రం ఆయన్నే అడిగేవాళ్ళు.

పడవలో ఒకటే కట్టడి. కెమెరా లేచిందంటే గెడ పట్టినవాడు ఒంగాలి. నిలబడితే ఫోటోలో పడతాడు, ఫోటో చెడిపోతుంది. పదేళ్ళు అలా ఒంగాడు.

"ఇంతమంది ఫోటోల వాళ్ళతో తిరుగుతావు, నీదొకటి తీయమని అడగరాదూ?" అన్నాను ఒకసారి.

"నేనేమన్నా పిట్టనా? రెక్కలు మొలిచాక అడుగుతాలే."

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, రేవులో పడవ కడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. పెద్దకర్మకు పటం కావాలన్నారు. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీద ఫోటో ఒక్కటే. అందులో ఎవరో కసిరినట్టు చూస్తుంటాడు. స్టూడియో అతను దాన్ని పెద్దది చేసి, చొక్కా నలిగి ఉందని, అడగకుండానే నల్ల కోటు, ఎర్ర టై తగిలించాడు. మా వీధిలో పోయిన మగవాళ్ళందరికీ అదే కోటు. మా తోడికోడలు పటం చూసి "బావగారు ఎప్పుడు ఆఫీసరయ్యారక్కా?" అని నవ్వింది. నవ్వి, మళ్ళీ ఏడ్చింది.

ఆ పటానికి దండ వేస్తాను, దీపం పెడతాను. దానితో మాట్లాడబుద్ధి కాదు. ఎవరో గుమస్తా మా ఇంట్లో అద్దెకు దిగినట్టుంటుంది. మాకు పిల్లలు లేరు, ఉన్నది ఇద్దరమే. పోను పోను ఇంకో బాధ మొదలైంది. ఆయన్ని తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే ఆ కోటే వచ్చి నిలబడేది. అసలు మనిషి చెరిగిపోతున్నాడని భయం వేసింది. ఆయనది నిజం ఫోటో ఒక్కటి దొరికితే చాలనుకున్నాను.

ఆయన పోయాక పడవలో గెడ నేనే పట్టాను. గైడుగారు కాదనలేదు. "పడవలో మాత్రం నోరు విప్పకక్కా, నీ గొంతుకి అడవంతా లేచిపోద్ది" అన్నారు. నిజమే. అందుకని పిట్టను గడ్డంతో చూపిస్తాను. మళ్ళీ రేవుకు వచ్చాకే, ఆయనతో తిరిగిన పాతవాళ్ళు ఎవరన్నా ఉంటే అడిగేదాన్ని.

ఒకరోజు విజయవాడ పటమటలో ఉండే డాక్టరమ్మగారు వచ్చారు. మొదటి నుంచీ వస్తున్న మనిషి. పడవ దిగుతుంటే చెయ్యి అందించి అడిగాను.

"మా ఆయన ఎప్పుడన్నా పడ్డాడా అండీ?"

"అయ్యో, నీళ్ళలోనా? నేను చూళ్ళేదమ్మా. ఈత వచ్చుగా ఆయనకి?"

"నీళ్ళలో కాదండీ, మీ ఫోటోల్లో."

గైడుగారు అందుకున్నారు. "మనిషి పడితే అప్పటికప్పుడే డిలీట్ చేసేస్తారక్కా. చెడిపోయినవి ఎవరుంచుకుంటారు?"

నేను వెతుకుతున్నది ఆ చెడిపోయిన వాటిలోనేనని అప్పుడు తెలిసింది. ఏ రోజువి ఆ రోజు చెరిపేసుకుంటూ వచ్చారన్నమాట.

"నాకంత ఓపికేదమ్మా, అన్నీ అలాగే పడున్నాయి. ఆదివారం రా, చూద్దాం" అన్నారు డాక్టరమ్మగారు.

ఆదివారం మొదటి బస్సెక్కాను. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వాసన కిటికీలోంచి వచ్చింది. కంకిపాడు దాటాక పక్క సీటావిడ "ఎవరి కోసం వెళ్తున్నారండీ?" అని పలకరించింది. "మా ఆయన కోసం" అనేశాను. ఆవిడ బొట్టు లేని నా ముఖం చూసి, కిటికీ వైపు తిరిగిపోయింది.

డాక్టరమ్మగారు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పిట్ట తరవాత పిట్ట. నేను పిట్టల్ని చూడలేదు, ఫోటోల అంచులు చూశాను. ఒకదాంట్లో గెడకర్ర కొన, ఇంకోదాంట్లో తువ్వాలు చివర. ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"ఆగండి!" అన్నాను. నా గొంతుకు వాళ్ళ కుక్క ఉలిక్కిపడి మొరిగింది.

లకుముకి పిట్ట ఎగిరిపోతోంది, నీలం మరకలాగా. కింద మూలన ఒంగిన వీపు. నీలం చొక్కా, భుజం మీద చిరుగు, దానికి ఆకుపచ్చ దారంతో కుట్టు. నీలం దారం అయిపోతే నేనే వేశాను. "పిట్టలు చూస్తే చిగురేసిందనుకుంటాయే" అని వారం రోజులు ఏడిపించాడు.

"ముఖం లేదు కదమ్మా."

"ఒంగాడు కదండీ."

"పోనీ పిట్టను తీయించేసి, ఆయన వరకు పెద్దది చేయించి ఇస్తాను."

"వద్దండీ. దాని కోసమేగా ఒంగింది, ఉండనీయండి."

కోటు పటం అలాగే ఉంది. వచ్చిన చుట్టాలకు ముఖం కావాలి కదా. డాక్టరమ్మగారు ఇచ్చిన ఫోటో నేను పడుకునే చోట పెట్టుకున్నాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ వీపు వస్తోంది. ఎంత పిలిచినా ఇటు తిరగడు. కుట్టు మాత్రం కనిపిస్తుంది.

మొన్న పడవలో కెమెరాలు లేచాయి. నేను ఒంగలేదు. ఎందుకో ఒంగబుద్ధి కాలేదు.

"అక్కా, ఫోటోలో పడుతున్నావు" అన్నారు గైడుగారు గుసగుసగా.

"పడనీయండి" అన్నాను. నోరు విప్పకూడదన్న సంగతి మరిచాను. పాయ పొడుగునా కొంగలన్నీ లేచిపోయాయి.

ఆ ఫోటో సాయంత్రానికి చెరిపేసే ఉంటారు. దాని కోసం బస్సెక్కేవాళ్ళు నాకెవరున్నారు.