నిస్సార్ అహ్మద్ పెద్ద హీటరు

నరసరావుపేటలో పుట్టి సిడ్నీలో స్థిరపడిన నిస్సార్ అహ్మద్ ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని ఒకటే. ఏ గదికి ఎంత ఏసీ కావాలో లెక్కగట్టడం. ఆసుపత్రులకీ షాపింగ్ సెంటర్లకీ లెక్కలు వేసిన మనిషి సొంతింట్లో చేసిన నిర్వాకం ఇది. ఆయనే నలుగురిలో చెప్పుకుని నవ్వుతాడు కాబట్టి మనం చెప్పుకున్నా తప్పులేదు.

సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో ఐదు బెడ్‌రూముల ఇల్లు కట్టుకున్న ఏడాది, భార్య నసీమా స్వెటరు మీద స్వెటరు వేసి, పైన శాలువా కప్పుకుని వంట చేస్తుంటే చూడలేక కట్టెల హీటరు కొందామని బయల్దేరాడు. షాపు నడిపే గ్లెనిస్ జుట్టు నెరిసిన మనిషి. ఆవిడ మొదట అడిగింది, "హీటరు పెట్టే గది ఎంతుంటుంది?" అని.

"గది సంగతెందుకు? ఇల్లు నాలుగు వందల చదరపు మీటర్లు," అన్నాడు నిస్సార్ ఛాతీ విరుచుకుని.

"వేడి గోడలు దాటి నడిచిపోదు కదా. మీ హాలుకి మధ్యరకం చాలు. పెద్దది కొంటే వేడి భరించలేక మంటకి వెళ్లే గాలి తగ్గించేస్తారు. అప్పుడు కట్టె మండదు, పొగ చిమ్ముతుంది."

"నేను ఏసీ ఇంజనీరునండీ."

ఆ మాట ఎందుకన్నాడో ఆయనకి ఇప్పటికీ తెలియదు. షాపులో అన్నిటికన్నా పెద్దదే కొన్నాడు.

అక్కడ జులై అంటే నడి చలికాలం. ఆ నెల మొదటి శనివారం మధ్యాహ్నం పెండిల్ హిల్‌లో ఉండే స్నేహితుడు బాసిత్ కుటుంబాన్ని బిర్యానీకి పిలిచాడు. బిర్యానీ వంక మాత్రమే, చూపించాల్సింది హీటరు. అరగంటలో బాసిత్ జాకెట్టు విప్పాడు, తర్వాత స్వెటరు. వాళ్లమ్మ పేపరు ప్లేటుతో విసురుకుంటూ, "ఏంది నాయనా, రోహిణీ కార్తెను ఇక్కడికి తెప్పించినావా?" అంది. ఇంతలో మేడ మీద నుంచి కూతురు నిదా మంకీ క్యాపుతో దిగి, "డాడ్, మై రూమ్ ఈజ్ స్టిల్ ఫ్రీజింగ్," అంది. చివరికి అతిథులంతా ప్లేట్లు పట్టుకుని పెరట్లో చలిలో నిలబడి తిన్నారు.

"ఇంట్లోకి చలి రాకుండా కొన్నారా, మనుషులు ఉండకుండా కొన్నారా?" అంది నసీమా.

నిస్సార్‌కి పౌరుషం పొడుచుకొచ్చి హీటరుకి గాలి వెళ్లే మీట పూర్తిగా మూసేశాడు. మంట ఆరింది, అద్దం నల్లబడింది, గొట్టంలోంచి మందమైన పొగ పక్కింటి మీదికి దిగింది. కాసేపటికి ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల కాలిన్ తలుపు తట్టాడు. ఆయనకి ఆస్తమా. తిట్టలేదు. గోడ పట్టుకుని, "సారీ మేట్, ఊపిరాడటం లేదు," అన్నాడు.

తప్పు తనది, దగ్గు ఆయనది, పైగా సారీ కూడా ఆయనే. నిస్సార్ కాలిన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఇంట్లోంచి ఇన్‌హేలరు తెచ్చిచ్చి, మీట తెరిచి కట్టెలు శుభ్రంగా మండిపోయేదాకా హీటరు దగ్గరే చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

సోమవారం షాపుకెళ్లి, "నాకు బుద్ధొచ్చింది," అన్నాడు. గ్లెనిస్ దెప్పలేదు. కాగితమూ పెన్సిలూ ఇచ్చి, "గది గీయండి," అంది. ఆసుపత్రులకి ప్లాన్లు గీసే మనిషి బడిపిల్లాడిలా హాలు గీశాడు. తలుపు మర్చిపోయి ఒకసారి, మెట్లు మర్చిపోయి ఒకసారి చెరిపాడు. పెద్దదాన్ని వెనక్కి తీసుకుని మధ్యరకం ఇచ్చిందావిడ. మేడ మీది గదులకి ఉన్న ఏసీల్లోనే వేడిగాలి వస్తుందని ఆవిడే గుర్తుచేసింది. ఇంజనీరు గారికి అదీ తట్టలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం కాలిన్‌ని టీకి పిలిచారు. ఎండిన కట్టె కణకణమని మండుతోంది, బయట గొట్టం మీద పొగ జాడే లేదు. కాలిన్ బిస్కెట్లు తింటూ హాయిగా కూర్చున్నాడు. నసీమా ఒక్క స్వెటరుతో ఉంది.

"హీటరు సైజు ఎలా ఎంచుకోవాలంటే..." అని నిస్సార్ గొంతు సవరించుకున్నాడు.

"అది గ్లెనిస్ చెప్తుందిలే," అంది నసీమా. "మీరు ఇంకో కట్టె వేయండి."

ఆయన లేచి కట్టె వేశాడు.