కిటికీ గురించి బాపు అడిగిన మాట

నా చిన్నప్పుడు ఇంగ్లిష్ మాటలన్నీ మా తాతయ్యే పుట్టించాడని నమ్మేదాన్ని. ఆయనకు అక్షరం ముక్క రాదు. లక్సెట్టిపేట నుంచి ఆయన చేసిన దూరప్రయాణం ధర్మపురి దాకానే. అయినా ఏ మాట అడిగినా దాని పుట్టుక చెప్పేవాడు. ఎవరో దొరకు బొర్ర పెరిగి అంగీ మూతపడకపోతే మన మక్కగింజను ఎండబెట్టి కుట్టించుకున్నాడట, దానికి బటన్ అని పేరు పెట్టింది ఆయన పెండ్లామట. ఇవాళ నేను పిల్లలకు చెప్పే అబద్ధాలకు అప్పుడే విత్తనం పడింది.

మాకు నాన్న అంటే బాపు, అమ్మ అంటే అవ్వ. బాపు దుబాయిలో బిల్డింగులు కట్టే పనికి పోయాడు. మా ఊళ్లో ఫోను లేదు, క్యాసెట్టే ఉత్తరం. సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాడు. మేము విని, దాని మీదే మా మాటలు రికార్డు చేసి, తిరిగి పోయేవాళ్లకు ఇచ్చేవాళ్లం. పాత మాట చెరిగితేనే కొత్త మాట ఎక్కేది. ఒక్కటే క్యాసెట్టు ఏళ్లపాటు సముద్రం మీద అటూ ఇటూ తిరిగింది. ప్రతిసారీ చివర్లో బాపు ఒక ఇంగ్లిష్ మాట అడిగేవాడు. తాతయ్య కథ అల్లి పంపేవాడు. క్యాంపు రూములో పదిమందీ చుట్టూ కూర్చుని వినేవారట.

ఒక ఎండాకాలం బాపు బిల్డింగ్ మీది నుంచి పడ్డాడు. పెట్టెలో వచ్చాడు. దినాలు కూడా అయిపోయాయి. ఆ తర్వాత వారానికి, ఆయన రూములోనే ఉండే చొప్పదండి మనిషి సెలవు మీద వచ్చి, బాపు అంతకుముందే ఇచ్చి ఉంచిన క్యాసెట్టు మా అవ్వ చేతిలో పెట్టాడు.

అవ్వ వినలేక వంటింట్లోకి పోయింది. టేపు చివర్న బాపు నవ్వుతున్నాడు. "నాయినా, కిటికీని గీళ్లు విండో అంటరు. గట్లెందుకంటరో జర జెప్పు. మా రూముకైతే ఒక్కటి లేదు."

తాతయ్య టేపురికార్డరు దగ్గరికి జరిగాడు. "వెనక్కి తిప్పు బిడ్డా. రికార్డు వెట్టు" అన్నాడు.

బటన్లు నొక్కే పని ఎప్పుడూ నాదే. "బాపు మాట పోతది తాతా" అన్నాను.

"అడిగిండు గద. జెప్పకుంటె ఎట్ల?"

నేను సౌండు మొత్తం తగ్గించి, రికార్డు చేసే ఎర్ర బటన్ ముట్టుకోకుండా పక్కది మాత్రం నొక్కాను. చక్రాలు తిరిగాయి. లోపల బాపు చప్పుడు లేకుండా అడుగుతున్నాడు, బయట తాతయ్య జవాబు చెబుతున్నాడు.

వెనకటికి ఇళ్లకు గోడలే తప్ప కిటికీలు లేవట. ఒక ముసలాయన కొడుకు దూరదేశంలో అలాంటి ఇంట్లో చిక్కుకుని ఉక్కపోతకు అల్లాడుతున్నాడట. ముసలాయన ఎన్నో రోజులు నడిచిపోయి, గోళ్లతో గోడకు బొక్క చేశాడట. "చేసి, గందులకెల్లి తొంగి సూసి అడిగిండు. ఇగ గాలి ఆడుతాందా కొడుకా..."

కొడుకేమన్నాడో తాతయ్య చెప్పలేదు. విండో అన్న పేరు ఎట్లా వచ్చిందో కూడా చెప్పలేదు. "ఇగ బంద్ జెయ్యి" అన్నాడు.

తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. "రెండు బటన్లు కిందికి పోవాలె. ఒక్కటే పోయింది. నేను సూసిన బిడ్డా. మంచిపనే జేసినవ్."

అందుకే బాపు అడిగిన మాట ఇంకా నా దగ్గరుంది. తాతయ్య గొంతు ఏ టేపులోనూ లేదు. పెద్దయ్యాక డిక్షనరీ తిరగేస్తే, ఎక్కడో చలిదేశాల పాత భాషలో విండో అన్న మాటకు గాలికన్ను అని అర్థమని ఉంది. ఆ పేజీ మూసి ఏడ్చాను. తెలిసిన తర్వాత చెప్పుకుందామంటే అడిగినవాడూ లేడు, కథలల్లినవాడూ లేడు.

పిల్లలు అడిగితే బటన్ కథ రోజుకో తీరుగా మారుస్తాను. విండో కథలో మాత్రం ఒక్క ముక్క కలపను. తాతయ్య ఆపిన చోటే ఆపుతాను. కొడుకేమన్నాడని పిల్లలు పట్టుబడతారు. ఇన్ని అబద్ధాలాడే నాకు ఆ ఒక్క జవాబు కల్పించడం ఈనాటికీ చేతకాలేదు.