తీయకుండా ఉంచిన మరక

ఆ లాండ్రీలో ఆమెను అందరూ మరకలక్క అనేవారు. మరక ఉన్న ప్రతి గుడ్డనూ ఓనరు వెనక గదిలోకి విసిరి, "అక్కా, దీని సంగతి చూడు" అనేవాడు. ఆమె తొందరపడేది కాదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అది దేని మరకో, ఎన్నాళ్లదో, తెచ్చినవాళ్లు ఏ అబద్ధం చెప్పారో తేల్చుకున్నాకే నీళ్లు తాకించేది. సిరా పడిందంటూ ఒకాయన తెచ్చిన చొక్కా కాలరు మీది ఎరుపు సిరాది కాదని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరూ నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నారు.

"చూడకుండా రుద్దితే మరక పోదు, గుడ్డ పోతుంది." ఆమెకు తెలిసిన వేదాంతమంతా ఇంతే.

పక్కన ఇస్త్రీ చేసే ఆవిడను ఆమె వదినా అని పిలిచేది. "నిన్ను వదిలేసి పోయిన ఆ మొగుణ్ణి కూడా పెళ్లికి ముందు వెలుతుర్లో పెట్టి చూడాల్సింది" అనేది వదిన.

ఆ గదిలో పనిచేసేది వాళ్లిద్దరే. కానీ మరకలక్కకు మూడో మనిషి ఉన్నట్టే ఉండేది. కుళాయి తిప్పి బకెట్ కింద పెడితే చాలు, నీళ్ల చప్పుడులో తొమ్మిదేళ్ల కిందట పోయిన అమ్మ గొంతు వినిపించేది.

"పోయిందా?"

అమ్మ చివరి రెండేళ్లూ అడిగిన మాట అది. అమ్మకు తెల్ల నూలు నైటీలు ఉండేవి. వాటి వెనక వైపు రూపాయి బిళ్లంత మరక పడేది. మొదట్లో లేత గోధుమ రంగు, తరవాత ఎరుపు. మరక లోపలికి పోయేలా నాలుగు మడతలు పెట్టి ఇచ్చి, "ఎక్కడో కూచున్నానులే, కాస్త తీసిపెట్టు" అనేది అమ్మ. నెత్తురు మరకకు వేడినీళ్లు తగిలితే ఇక చచ్చినా పోదు. ఆమె చన్నీళ్లలో నానబెట్టి, మునివేళ్లతో కదిపి, ఆనవాలు లేకుండా తీసేది. అమ్మ అటువైపు చూడకుండానే అడిగేది, "పోయిందా?" "పోయిందమ్మా." ఇద్దరూ హమ్మయ్య అనుకునేవారు.

అమ్మ కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. స్నానాల గదిలోంచి పుండ్లు కడిగే మందు వాసన ఘాటుగా వచ్చేది. ఒకసారి ఆమె ఉండబట్టలేక, "అమ్మా, నీకు ఏమన్నా..." అనబోయింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వదిలెయ్" అంది అమ్మ. ఆమె వదిలేసింది. ఆస్పత్రికి మోసుకెళ్లేనాటికి అది కేన్సరు పుండు, తొడ మొదటి దాకా పాకింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ఊళ్లోవాళ్ల మరకలన్నిటినీ వెలుతురులో పెట్టి చూసిన మనిషి, అమ్మ మరకను ఒక్కనాడూ ఎక్కడిదని నిలదీసి అడగలేదు. ఆ పాపం తనదేనని ఆమెకు గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆమెకు యాభై నాలుగు. ఏడాదిగా దురద. అదీ "అక్కడ". లాండ్రీ ఆవిరిలో చెమటకు మురికి పట్టిందనుకుంది. లాండ్రీ మనిషి మురికిని ఏం చేస్తుంది? కడుగుతుంది. రెండు పూటలా సబ్బు పెట్టి రుద్దింది. మగ్గులో మందునీళ్లు కలిపి పోసుకుంది. పైన పౌడరు అద్దింది. కడిగినకొద్దీ మంట ఎక్కువైంది, చర్మం చిట్లింది, మూత్రానికి వెళితే చురుక్కుమంది. ఒకరోజు మందు సీసా మూత తీస్తే అమ్మ వాసన వచ్చింది. గదిలోకి అమ్మే వచ్చిందనుకుని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

ఆ సోమవారం లాండ్రీలో తన నైటీ నానబెట్టబోతూ చూసుకుంది. వెనక వైపు, రూపాయి బిళ్లంత. అలవాటున చెయ్యి బకెట్ వైపు పోయింది. నీళ్లు నిండుతున్నాయి.

"పోయిందా?"

ఆమె నైటీ ముంచలేదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తరవాత పొడిగా మడిచి కవరులో పెట్టింది.

"వదినా, నాతో ఆస్పత్రికి రావాలి."

"ఏమైంది?"

"అక్కడ... బాలేదు."

"ఎక్కడ?"

"అక్కడే."

వదిన ఇస్త్రీపెట్టె ఆపేసింది. "చెపితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందంటారు. నా దగ్గర నీ మానం ఎక్కడికీ పోదు. పద."

డాక్టరమ్మ కూడా ఎక్కడ అనే అడిగింది. ఆమె కవరు ముందుకు తోసింది.

"ఉతక్కుండా తెచ్చారా? మంచి పని చేశారు" అంది డాక్టరమ్మ. పరీక్ష చేసి, చేతికి చిన్న అద్దం ఇచ్చింది. "మీరూ చూడండి. ఇది యోని బయటి చర్మం. పేరు పెట్టి చెప్పడానికి సిగ్గెందుకు?"

ఆమె మొదటిసారి చూసుకుంది. చర్మం తెల్లబారి, నలిపిన పల్చటి కాయితంలా ఉంది. మధ్యలో పగుళ్లు.

"మురికి కాదండీ, చర్మ జబ్బులా ఉంది. దేంతో కడుగుతున్నారు?"

ఆమె చెప్పింది.

"ఆ సబ్బు, ఆ మందునీళ్లు మీరు పట్టుబట్టకు వాడతారా?"

"అయ్యో, పోగులు విడిపోవూ!"

"ఇది పట్టుకన్నా సున్నితం. ఉత్త నీళ్లు చాలు, అదీ బయటే. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోండి. పౌడరు, సెంటు సబ్బులు మానేయండి. నూలు లోదుస్తులే వేసుకోండి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి."

"జాడించడం నాకు చెప్పాలా?" అంది ఆమె. అంత భయంలోనూ వృత్తి గర్వం పోలేదు.

మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని అడిగితే, ఆమె అమ్మ సంగతంతా, నైటీలతో సహా, తొమ్మిదేళ్ల తరవాత మొదటిసారి బయటపెట్టింది.

రిపోర్టుకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ కుళాయిని సన్నగా, చప్పుడు రాకుండా తిప్పింది. అయినా అమ్మ అడుగుతూనే ఉంది.

కేన్సరు కాదు. నెత్తురు ఆ పగుళ్లదే. డాక్టరమ్మ పూతమందు రాసిచ్చి, హెచ్చరించి మరీ పంపింది: "తగ్గిందని మీ అంతట మీరు ఆపొద్దు. ఇది అరుదుగా ముదరొచ్చు, అందుకే పిలిచినప్పుడల్లా రండి. ఈలోపు మానని పుండు, గడ్డ, మళ్లీ నెత్తురు, ఏది కనిపించినా ఆ వారంలోనే రావాలి. ఇంకొకరికి నెలల తరబడి దురద ఉందంటే ఊరుకోకండి, తీసుకురండి."

వదిన ఆటోలో దారంతా నవ్వించింది. ఆమె నవ్వింది కూడా.

ఇంటికి వచ్చాక పెట్టె అడుగున దాచిన అమ్మ నైటీ తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తింది. తిరగేసింది. కుట్ల వెంబడి వెతికింది. ఒక్క చుక్కన్నా, ఒక్క పసుపు నీడన్నా దొరుకుతుందేమోనని పోగు పోగూ చూసింది. ముప్పై ఏళ్లు మరకలు చూసిన కంటికి కూడా ఏమీ దొరకలేదు.

"పోయిందా?" అంది అమ్మ.

"పోయిందమ్మా" అంది ఆమె. "నేనే తీసేశాను."