అమ్మ కూర్చుంటేనే వచ్చిన అదురు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి అవతలికి పోయే రకం నేను. మా బంధువుల్లో తాయెత్తులు కట్టించుకున్నవాళ్ళూ, సోది అడిగినవాళ్ళూ ఉన్నారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడైనా అవన్నీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తలో సంగతి. మేము తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం. ఇల్లు మాధవరంలో. నాన్న మా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో అమ్మ, నేను, నా చెల్లెలు సుగుణ. నేను ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసేవాణ్ణి. సుగుణ దగ్గర్లోని బడిలో టీచరు. దానికి పసితనం నుంచీ ఉబ్బసం. వానలు మొదలైతే ముగ్గురికీ గుండెల్లో గుబులే. ఆ గుబులుతోనే నేనొక పాత కారు కొన్నాను, ఆపదలో ఆటో కోసం వీధులు పట్టుకుని తిరగకుండా.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుని వదల్లేదు. ఒక మధ్యాహ్నం సుగుణ బడి నుంచి తడిసి వచ్చి కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేకపోయింది. పీల్చే మందు ఏమాత్రం పని చేయలేదు. అమ్మ వెనక సీట్లో కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుంది. నేను పెద్దాసుపత్రికి కారు తోలాను. ఖాళీ దొరికిన చోట వేగంగా పోవడం, ఎవరైనా అడ్డం వస్తే బ్రేకు మీద నిలబడడం. పెరంబూరు దాటాక రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ఆ ఊపునే అందులోకి దించేశాను.

ఆసుపత్రి ఇంకా రాలేదు. వెనక నుంచి అమ్మ అంది, "ఇంక మెల్లగా పోనీ నాయనా. తొందరేం లేదు."

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

పెద్దకర్మ అయిపోయాక మళ్ళీ ఆఫీసుకు కారు తీశాను. అప్పుడు తెలిసింది దానికేదో అయిందని. కాస్త వేగంలో ఉండి బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో వణికేది. పెడల్ అరికాలి కింద టకటకా కొట్టుకునేది. వేగం తగ్గేకొద్దీ ఆ కొట్టుకోవడమూ నెమ్మదించేది. బండి నిలిచే ముందు ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత ఏమీ ఉండేది కాదు.

మా వీధి చివర ఏకాంబరం అనే మెకానిక్ షెడ్డు ఉండేది. అతనూ మా తెలుగువాడే. ముందు చక్రాలు విప్పి, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కుకు సూది ఉన్న గేజి ఒకటి ఆనించి, డిస్కును చేత్తో తిప్పాడు. సూది అటూ ఇటూ ఊగింది. ఆ రోజు నీళ్ళలోంచి తోలిన సంగతి చెప్పాను.

"డిస్కు వంకర పోయినాది సార్. ఆ పొద్దు బాగా కాలినప్పుడు నీళ్ళలో దించినారు గదా. పెనం మీద నీళ్ళు పోసినట్టే."

డిస్కులు లేతు మీద సన్నగా చెక్కించి, మళ్ళీ బిగించి, చక్రాల నట్లన్నీ సమంగా బిగించాడు. అదురు పోయింది. రోజూ ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. బండి చక్కగా ఆగేది. ఇంతవరకూ ఇందులో వింతేమీ లేదు.

తర్వాత ఒక రోజు అమ్మను మైలాపూరులో పిన్ని ఇంటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. చెల్లెలు పోయాక అమ్మ కారెక్కడం అదే మొదలు. ముందు కూర్చోమంటే వినలేదు. వెనక, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. మొదటిసారి గట్టిగా బ్రేకు వేయగానే పెడల్ కొట్టుకుంది. పోతూ వస్తూ అంతే. మర్నాడు ఒక్కణ్ణే ఆఫీసుకు వెళ్తే ఏమీ లేదు.

ఏకాంబరం మళ్ళీ గేజి పెట్టి చూశాడు. సూది కదల్లేదు. అయినా అనుమానమెందుకని కొత్త డిస్కులు, కొత్త బ్రేకు ప్యాడ్లు వేశాడు. నేను తోలితే బాగుంది. అతను తోలినా బాగుంది. అమ్మ వెనక కూర్చుంటే అదురు. వెనక బరువు పడితే వస్తోందేమోనని నన్ను అక్కడ కూర్చోబెట్టి తోలాడు. రాలేదు. రెండు ఇసుక మూటలు పెట్టి తోలాడు. రాలేదు. చివరికి అమ్మనే వెనక కూర్చోబెట్టి, నన్ను పక్కన పెట్టుకుని రెడ్‌హిల్స్ రోడ్డు మీద తనే తోలాడు. మేము ఏం చూస్తున్నామో అమ్మకు చెప్పలేదు.

బ్రేకు తొక్కాడు. పెడల్‌తో పాటు అతని మోకాలు అదరడం నా కళ్ళతో చూశాను. బండిని పక్కకు తీసి ఆపేశాడు.

"ఇది డిస్కు కాదు సార్. డిస్కయితే మనిషిని చూసి కొట్టదు."

వెనక నుంచి అమ్మ అంది, "నాకు మొన్ననే తెలిసె, ఈ సీటు అదర్తాంటే. ఆ పొద్దు నా ఒళ్ళో దాని ఊపిరి ఇట్నే గదరా కొట్టుకునింది. ముందు బిరబిరా. ఆనక మెల్లగా, మెల్లగా."

ఏకాంబరం ఆ రోజు కూలి తీసుకోలేదు. కారు అమ్మేద్దామని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు. గడప దాటని మనిషి, రోజూ ఏదో ఒక వంక పెట్టి కారెక్కేది. కూరగాయలంది, గుడి అంది. వెనక కూర్చుని ఖాళీ సీటు మీద చెయ్యి వేసి ఉంచేది. నేను బ్రేకు వేసినప్పుడల్లా ఆ చేతిని అద్దంలో చూసేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఇంట్లోకన్నా ఆ కారులోనే మాకు నయంగా ఉండేది.

కొన్నాళ్ళకు అమ్మ తిండి తగ్గించేసింది. ఏమిటంటే చెప్పింది, "మనకు బాగుండాది సరే. దానికి దినామూ ఆ ఆయాసమే గదరా. ఎన్నిసార్లు పడల్ల అది?"

కంచం అమ్మ ముందుకు జరిపితే వెనక్కి తోసేసింది.

ఒక సాయంత్రం పిన్ని ఇంటి నుంచి బీచి రోడ్డు మీదుగా తిరిగి వస్తున్నాం. ముందు సిగ్నల్ పడింది. బ్రేకు వేశాను. ఎప్పటిలాగే పెడల్ కొట్టుకుంది. అద్దంలో చూస్తే అమ్మ ఒంగి, ఖాళీ సీటు వైపు మొహం పెట్టి మాట్లాడుతోంది.

"చాల్లే తల్లీ. ఇంక కష్టపడొద్దు. ఈడ మేం ఉంటాంలే. నువ్వు పో."

బండి ఇంకా కదులుతూనే ఉంది. నా కాలు కింద అదురు ఒక్కసారిగా పోయింది. నెమ్మదించి పోలేదు, మధ్యలోనే పోయింది. పెడల్ మెత్తగా కిందికి దిగింది. బండి నిలిచింది.

సిగ్నల్ మారింది. కొంత దూరం పోయాక అమ్మ అడిగింది, "ఏదిరా? ఒకసారి వెయ్యి."

వేశాను. ఏమీ లేదు.

"ఇంకోసారి వెయ్యి నాయనా."

మళ్ళీ వేశాను.

ఆ తర్వాత అమ్మ ఎన్నాళ్ళో అదే కారులో, అదే చోట కూర్చుంది. అదురు మళ్ళీ రాలేదు. ఏకాంబరాన్ని అడిగితే చేతులు జోడించాడు. కార్ల సంగతి బాగా తెలిసినవాళ్ళను ఇంకా కొందరిని అడిగాను. చక్రంలో హబ్బన్నారు, బేరింగన్నారు. ఒకే మనిషి కూర్చుంటే రావడమేమిటో, ఒక మాటకు పోవడమేమిటో ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. తెలుసుకోవాలని ఇప్పుడు అంతగా లేదు కూడా.

అదురు పోయిన ఆ సాయంత్రం మాధవరం చేరేదాకా అమ్మ అడిగినప్పుడల్లా బ్రేకు వేస్తూనే వచ్చాను. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొట్టారు, తిట్టారు. వేసిన ప్రతిసారీ కారు చక్కగా, ఏ అలికిడీ లేకుండా ఆగింది.