రెండు జాతుల గువ్వ

కామాఠిపుర పదకొండో గల్లీలో ఉండే బుచ్చయ్య చచ్చిన పక్షుల తోలు వలిచే పని చేసేవాడు. ఫోర్టులోని ఒక మ్యూజియంలో ఊడ్చే పనికి చేరి, చూసి చూసి ఆ విద్య నేర్చుకున్నాడు. ఒక్క ఈక చెదరకుండా తోలు ఊడదీసి, లోపల దూది కూరి, కుట్టి, కాలికి చీటీ కట్టేవాడు. చీటీ మీద పక్షి పేరు, దొరికిన చోటు, పట్టినవాళ్ల పేరు ఉండేవి. ఇరవై ఏడేళ్లలో ఏ చీటీ మీదా బుచ్చయ్య పేరు లేదు.

1983 వానాకాలంలో అతని ఒక్కగానొక్క కూతురు మంగళ కామెర్లతో పోయింది. దానికి పంతొమ్మిదేళ్లు. అప్పటినుంచి భార్య వజ్రమ్మ వండేది, బట్టలు ఉతికి ఆరేసేది, కానీ నోరు విప్పేది కాదు.

మరుసటి ఎండాకాలం వాళ్ల మూడో అంతస్తు వసారాలో, రేకు కింద ఒక గువ్వ గూడు కట్టింది. వజ్రమ్మ సత్తు పళ్లెంలో నూకలు పెట్టింది. పది రోజులకు అది ఆమె అరచేతిలోంచే తినసాగింది.

"ఇగో, ఇటు రా. ఆ కారం మెతుకులు ముట్టకు, పొట్ట మండుతది" అని ఆమె గువ్వతో అంటుంటే, లోపల చాయ్ తాగుతున్న బుచ్చయ్య గ్లాసు కింద పెట్టేశాడు. ఆ గొంతు విని తొమ్మిది నెలలైంది.

ఒక ఉదయం అతను గువ్వను దగ్గరగా చూశాడు. మెడ వెనక నలుపు మీద తెల్ల చుక్కలు. అది ఒక జాతి గుర్తు. రొమ్ము మీద ఇటుక రంగు మచ్చలు. అవి ఇంకో జాతివి. రెండూ ఒకే పక్షికి ఉండటం అతను ఎన్నడూ చూడలేదు. రెండుసార్లు గుడ్లు పెట్టింది, ఒక్కటీ పిల్ల కాలేదు. ఉండబట్టలేక వెళ్లి మ్యూజియం పెద్ద సాబ్‌కు చెప్పాడు.

"రెండు జాతులను పంజరంలో కలిపి పెడితే ఇలాంటివి పుడతాయి. బయట వాటంతట అవి కలవడం చాలా అరుదు" అన్నాడు సాబ్. "ఊరికే చెబితే ఎవరూ నమ్మరు బుచ్చయ్యా. తోలు కావాలి."

"ఫోటో తీస్తే చాలదా సాబ్?"

"చాలదు. చీటీ మీద నీ పేరే రాయిస్తాను. పట్టినవాడు బుచ్చయ్య అని."

సాబ్ బలవంతపెట్టలేదు, పేరుకు నేనే ఆశపడ్డాను అని తర్వాత బుచ్చయ్యే చెప్పుకున్నాడు.

ఆ ఆదివారం వజ్రమ్మ వర్లిలోని చెల్లెలింటికి వెళ్లింది. బుచ్చయ్య ఆమె కూర్చునే చోట, ఆమె పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. వల అవసరం కాలేదు. గువ్వ నేరుగా వచ్చి అతని చేతిలో వాలింది.

వజ్రమ్మ నాలుగు రోజులు ఎదురుచూసింది. పక్క గది సాయమ్మ, "పిల్లి తిన్నదేమో అక్కా" అంది. ఐదో రోజు వజ్రమ్మ అన్నం ముట్టకుండా గదిగదికీ వెళ్లి, ఎవరైనా చూశారా అని అడగసాగింది. బుచ్చయ్య ఇక ఓర్చుకోలేక జరిగింది చెప్పేశాడు.

ఆమె ఏడవలేదు. "నాకు సూపెట్టు" అంది.

మ్యూజియంలో అతను సొరుగు లాగాడు. గువ్వ వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లున్న చోట తెల్ల దూది.

"కండ్లేవి?"

"తీసేస్తం. కుళ్లుతయి."

"చీటీల ఏం రాసిన్రు?"

"యాడ దొరికింది, ఏ దినం దొరికింది..." అతను ఆగాడు. "నా పేరు."

ఆమె గువ్వ రొమ్ము మీది మచ్చలను వేలితో నిమిరింది.

"నా పళ్లెం జూసి, నేననుకొని వచ్చింది గదయ్యా" అంది.

బుచ్చయ్య సొరుగు మూయలేకపోయాడు. వేరేవాళ్లు వచ్చి మూశారు.

ఆ తర్వాత కూడా అతను నాలుగేళ్లు ఆ పనే చేసి పింఛను తీసుకున్నాడు. వజ్రమ్మ వేళకు వండిపెట్టేది, జ్వరమొస్తే కషాయం కాచేది, అడిగినదానికి జవాబు చెప్పేది. కానీ ఏదీ అతని చేతికి అందించేది కాదు. గ్లాసైనా, కంచమైనా నేల మీద పెట్టి పక్కకు జరిగేది. అతను వంగి తీసుకునేవాడు.