గొర్రెల దారి విడిచి గీసిన పటం

నేను ఉద్యోగంలో చేరేనాటికి పెనుకొండలోని మా అడవుల ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పటాలకు నకళ్ళు తీయడం నా పని. అసలు పటం మీద ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల వెంట నల్ల సిరా పెన్ను నడపాలి. మా నాయన హిందూపురంలో డ్రాయింగు మాస్టరు. గీత గీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. యాభైల చివర్లో పెళ్ళికాని పిల్ల వేరే ఊళ్ళో ఉండి ఉద్యోగం చేస్తానంటే చుట్టాలు ఊరుకుంటారా? అందుకని నాయన వాళ్ళమ్మను, అంటే మా అవ్వను, నాకు తోడుగా పంపాడు. కోట గోడకు దగ్గర్లో ఒక గది తీసుకుని ఇద్దరం ఉండేవాళ్ళం.

నేను చేరిన మరుసటి ఏడు కొత్త ఆఫీసరు వచ్చాడు. గోదావరి వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. ఎండకు ఒళ్ళు కమిలిపోతున్నా టోపీ పెట్టుకునేవాడు కాదు. వచ్చిన వారంలోనే నన్ను పిలిచి ఒక ఖాళీ పటం ముందు పెట్టాడు. అందులో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, వాటి మధ్య కొండలు, వాగులు తప్ప ఏమీ లేవు.

"ఇక్కడి అడవిలో మొదట్నుంచీ ఉన్న చెట్లనే మళ్ళీ పెంచాలమ్మా. అయితే ఏ చెట్టు ఏ చోట బతుకుతుందో ముందు మనకు తెలియాలి. వాన ఒక గుడ్డ మీద, వేడి ఒక గుడ్డ మీద, ఎత్తు ఇంకో గుడ్డ మీద గీయండి. అన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి చూద్దాం," అన్నాడు.

ఆ పని నాకు ఇంతకు ముందెప్పుడూ దొరకని సంతోషాన్నిచ్చింది. అంతవరకూ ఇంకొకరు గీసిన గీతల మీదే నా పెన్ను నడిచింది. ఇప్పుడు తాలూకా ఆఫీసుల నుంచి తెచ్చిన వానలెక్కలు చూసి నేనే గీయాలి. నెలల తరబడి గీశాను. గుడ్డలన్నీ ఒకదానిపై ఒకటి పరిచి కిటికీ అద్దానికి ఆనించి చూస్తే, నేను పుట్టి పెరిగిన నేలే నాకు కొత్తగా కనిపించింది. దక్షిణాన హిందూపురం కాస్త ఎత్తున, కాస్త చల్లగా ఉంది. అక్కడ శ్రీగంధం బతుకుతుంది, పక్కన కానుగలాంటి తోడు చెట్టు ఉంటే చాలు. నడుమ పెనుకొండ కొండల్లో బిల్లుడు, రేల, చిరుమాను చెట్లు. ఉత్తరాన ధర్మవరం వైపు దిగేకొద్దీ వేడి ఎక్కువ, వాన తక్కువ. అక్కడి రాతినేలకు తగింది నారేపి చెట్టు.

ఇలా చెట్లను బట్టి మూడు మండలాలు తేలాయి, వాటి మధ్య నేను రెండు గీతలు గీశాను. ఆఫీసరు వాటిని చాలాసేపు చూసి, "గీత బాగుంది. కానీ అక్కడికి పోతే ఈ గీత కనబడుతుందా?" అన్నాడు.

కనబడదు. అది చూడ్డానికే ఒక రోజు జీపులో బయల్దేరాం. నన్ను ఒంటరిగా పంపడం అవ్వకు ఇష్టం లేదు. సద్దిమూట ఒళ్ళో పెట్టుకుని తనే ముందు జీపెక్కి కూర్చుంది.

"అవ్వా, నువ్వెందుకు? కొండలెక్కాలి," అన్నాను.

"నేను ఎక్కని కొండలా? ముదిగుబ్బ గుట్టల్లో గొర్రెలు మేపిన కాళ్ళు ఇవి. నువ్వు పడకుండా ఎక్కు చాలు," అంది.

ఆఫీసరు నవ్వి వెనక సీట్లోకి మారాడు. ఆ రోజు నుంచి మేం ఎక్కడికి పోయినా ముందు సీటు అవ్వదే.

సోమందేపల్లి దాటాక నా గీత ఉండాల్సిన చోట దిగి నడిచాం. బిల్లుడు చెట్లు ఒక్కసారిగా ఆగిపోలేదు. ముందు పలచబడ్డాయి, తర్వాత పొట్టివయ్యాయి. వాగు పక్కన మళ్ళీ నాలుగు పచ్చగా కనిపించాయి, ఆ తర్వాత ఎండ తగిలే వైపు ఒక్కటీ లేదు. గుట్టకు ఒక పక్క ఒక మండలం, ఇంకో పక్క ఇంకో మండలం. తిరిగొచ్చాక నా గీతలు రెండూ చెరిపేసి, వాటి చోట వెడల్పుగా చుక్కల పట్టీలు వేశాను. ఒక చెట్టు పోతూ ఇంకో చెట్టు వచ్చే చోటు అది. చూడ్డానికి అందంగా లేదు గానీ ఉన్నదున్నట్టు ఉంది.

నాటడానికి చోట్లు ఎంచుకున్నాం. హిందూపురం దగ్గర ఎవరూ పెద్దగా వాడని బీడు ఒకటి దొరికింది. కంచె వేశారు, గంధం మొక్కలు, కానుగ మొక్కలు నాటారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ధర్మవరానికీ ముదిగుబ్బకూ మధ్య ఒక గుట్ట ఏటవాలు మాత్రం అంత సులువు కాలేదు. పటంలో నారేపికి దాన్ని మించిన చోటు లేదు. మేం కొలతలు వేస్తుండగా ఒకామె గొర్రెల మందతో పైకి వచ్చింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర. వయసు నలభై ఉండొచ్చు. ఆ పక్క ఊళ్ళో గొర్రెలున్న కుటుంబాలన్నిటికీ ఆమె మాటే మాట అని తర్వాత తెలిసింది.

"ఏం చేస్తాండారు సామీ ఈడ?" అని అడిగింది.

ఆఫీసరు ఉత్సాహంగా పటం విప్పి చూపించాడు. నారేపి ఎంత గట్టి చెట్టో, దాని ఆకు పశువులకు ఎలా పనికొస్తుందో చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"మంచిదే సామీ. చెట్లు లేస్తే మాకూ నీడే. అంతవరకు మా గొర్రెలు యాడికి పోవల్ల?"

"కొన్నేళ్ళు వేరే చోట మేపుకోండి. కంచె వేయకపోతే ఒక్క మొక్క కూడా మిగలదు."

"వేరే చోటు యాడుండాది? అటుపక్క శెనక్కాయ చేన్లు. ఇటుపక్క రాయి. వంకలో నీళ్ళు తాగేకి పోవల్లన్నా ఈ గుట్ట మీదనే దారి."

మాటకు మాట పెరిగింది. ఇది సర్కారు భూమి అన్నాడాయన. సర్కారు వచ్చి మా గొర్రెలకు నీళ్ళు పోస్తాదా అని ఆమె. చివరికి ఆఫీసరు పటం చుట్టేసుకుని విసురుగా జీపు దగ్గరికి నడిచాడు. అవ్వ మాత్రం కదల్లేదు. ఒక బండ మీద కూర్చుని వక్కాకు సంచి విప్పి ఆమెకు ఆకు అందించింది.

"మీది యా ఊరు తల్లీ? మీ పుట్టింటోళ్ళు యాడ?" అని మొదలుపెట్టింది.

కాసేపటికి ఆమె పుట్టినూరు మా అవ్వ పుట్టినూరికి పొలిమేర అని తేలింది. అవ్వ చిన్నమ్మ ఒకామెను ఆ ఇంటికే ఇచ్చారని కూడా తేలింది. అవ్వ జీపు దగ్గరికి వచ్చి ఆఫీసరుతో నిష్ఠూరంగా అంది, "ఏమప్పా, నువ్వు చదువుకున్నోడివి. ఆమె గొర్రెల్ని కాసుకోని బతుకుతాండేది. నువ్వు కోపం చేసుకుంటే ఆఫీసుకు పోతావు. ఆమె కోపం చేసుకోని యాడికి పోవల్ల? ఇంగోసారి రాపో, కూచ్చోని మాట్లాడుదురు."

ఆయన జీపెక్కాడు. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. కానీ తర్వాతి వారమే మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఊళ్ళోకే వెళ్ళి, ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మాటలు సాగాయి. ఆయన తన పట్టు పూర్తిగా వదల్లేదు. కంచె లేకుండా కుదరదన్నాడు. వాళ్ళూ వదల్లేదు. ఆఖరికి ఏటవాలును ముక్కలుగా చేసి, ఒక ముక్కకు కంచె ఉన్నప్పుడు మిగతా వాటిలో మేపుకోవాలనీ, మొక్కలు గొర్రె నోటికి అందనంత ఎత్తు పెరిగాక కంచె పక్క ముక్కకు జరపాలనీ ఒప్పందం కుదిరింది. వంకకు పోయే దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కంచె లోపలి గడ్డి కోసుకునే హక్కు ఊరిది, మొక్కలకు కాపలా కూడా ఊరిదే.

అది పటం మీద వేయడం నా పనయింది. వాన, వేడి, ఎత్తు ఉన్న పటం మీద మొదటిసారి గొర్రెలకు దారి విడిచాను. దాన్ని ఏ గుర్తుతో చూపాలో పుస్తకాల్లో లేదు. చిన్న చిన్న గిట్టల అచ్చులు వేశాను. పైవాళ్ళు నవ్వుతారేమో అని భయపడ్డాను గానీ, ఆఫీసరు చూసి, "ఉండనివ్వండి," అన్నాడు.

నారేపి గింజలు మొలిచి, రెండు రేకులుగా విచ్చుకునే ఆ చిన్న ఆకులు చూసినప్పుడు ఆయన ముఖం వెలిగింది. ఆ మరుసటి వేసవి మాత్రం ఎండలు మండిపోయాయి. ధర్మవరంలో బావులు అడుగంటాయి. గుట్ట మీదికి పోతే కంచె లోపల మొక్క అన్నదే లేదు. ఎండుపుల్లలు నిలబడి ఉన్నాయి, అంతే. నేను ఒక పుల్లను పట్టుకుంటే పుటుక్కున విరిగింది.

ఆ రోజు గొర్రెలామె ముఖం కూడా మొక్కల్లాగే ఉంది. "అన్నీ సచ్చిపాయె సామీ. ఇంగ కంచె ఎందుకు? ఎండుగడ్డి అన్నా గొర్రెల నోట్లోకి పోతాది. తీసేద్దురు," అంది.

మందలో డొక్కలు కనిపిస్తున్నాయి. ఆఫీసరు ఒక పుల్ల పక్కన కూర్చుని వేళ్ళతో మట్టి తవ్వాడు. చాలా లోపలికి పోయాక తడి లేకపోయినా తెల్లగా ఉన్న వేరు కనిపించింది.

"పైన ఎండినా కింద వేరు బతికే ఉంటుందని చదివానమ్మా. ఈ చెట్టు గుణం అదేనంటారు. నా కళ్ళతో చూడలేదు. కచ్చితంగా చెప్పలేను. గడ్డి కోసుకుపోండి, మొత్తం కోసుకోండి. గొర్రెల్ని మాత్రం ఒక్క వాన పడేదాకా లోపలికి తోలకండి," అన్నాడు.

మొదటి రోజు గొంతు కాదది. ఆమె ఆ వేరు వైపు, తన గొర్రెల వైపు మార్చి మార్చి చూసింది. "వాన రాకపోతే?" అంది. "రాకపోతే నేనే కంచె పీకేయిస్తాను," అన్నాడాయన. ఆమె సరే అనలేదు, కాదనలేదు. మందను పక్కకు తోలుకుని పోయింది.

వాన ఆలస్యంగా వచ్చింది. అది పడిన తర్వాత మేం పోయేసరికి గడ్డి అంతా కొడవళ్ళతో కోసి ఉంది. లోపల ఒక్క గొర్రె అడుగు లేదు. పుల్లల మొదళ్ళలోంచి లేత ఎర్రటి ఆకులు వస్తున్నాయి. అన్నీ రాలేదు గానీ చాలా వచ్చాయి. ఆఫీసరు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ ముట్టుకుంటూ పోయాడు. గొర్రెలామె పైనుంచి చూస్తూ, "నువ్వు చెప్పిందే అయింది సామీ," అంది. "మీరు ఆగారు కాబట్టే అయిందమ్మా," అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడం నేను అప్పుడే చూశాను.

అయితే ఆ వాన రాకముందే, అదే ఎండాకాలం చివర్లో హిందూపురం బీడు కాలిపోయింది. ఎండుగడ్డికి ఎలాగో నిప్పు అంటుకుంది. దారినపోయేవాళ్ళు చూశారు, ఎవరూ ఆగలేదు. ఆగాలని వాళ్ళకు అనిపించే కారణం మేం ఇవ్వలేదు. మా పటంలో అన్నిటికంటే మంచి చోటు అదే. అక్కడ వాన ఉంది, మట్టి ఉంది, కంచె కూడా గట్టిదే. ఆఫీసరు ఆ బూడిదలో కంచె వెంట చివరిదాకా నడిచాడు. తర్వాత, "దీని మీద ఎవరితోనూ పోట్లాడలేదు మనం," అని మాత్రం అన్నాడు.

అరవైలు సగం గడిచేసరికి ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన వయసులో చిన్నవాడు, తొందర ఎక్కువ. మూడు మండలాలూ కలిపి నీలగిరి చెట్లు పెడదాం, త్వరగా పెరుగుతాయి, పాత గుర్తులన్నీ తీసేసి కొత్త పటం గీయండి అన్నాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను పైవాళ్ళకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు మాత్రం, "సార్, గీయమంటే గీస్తాను. ఒకసారి ధర్మవరం గుట్ట చూసి వచ్చి చెప్పండి," అన్నాను.

ఆయన చిరాకుపడ్డాడు గానీ వచ్చాడు. నారేపి చెట్లు అప్పటికి మనిషెత్తు దాటాయి. రెండో ముక్కకు కంచె జరిగింది. కొత్తాయన చెట్ల మధ్య నడిచాడు, గొర్రెలామెతో మాట్లాడాడు. కొమ్మలు ఎప్పుడు నరకాలో, ఎన్ని వదలాలో ఆమె చెబుతుంటే విన్నాడు. వెనక్కి వచ్చాక, "దీన్ని ఇలాగే ఉంచండి. హిందూపురం బీడులో నీలగిరే," అన్నాడు.

అలాగే గీశాను. హిందూపురం భాగం దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. అది నా ఊరు. అక్కడి మనుషుల్ని ఒక్కసారైనా ఆ బీడు దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకోవాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఆ వెలితి ఇప్పటికీ పోలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి జరిగింది అవ్వకు చెప్పాను. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది, కొండలెక్కడం మానేసింది. విని, "ధర్మవరంది నిలిచిందా?" అని అడిగింది. నిలిచిందన్నాను. "అయితే రేపు సెలవు పెట్టు పాపా. నన్ను బస్సులో తీసకపో. ఆ చెట్లు ఎంత లేసినాయో చేత్తో అన్నా ముట్టి చూస్తా," అంది.

మరునాడు పొద్దున ఇద్దరం ధర్మవరం బస్సెక్కాం.